ఎవరు దాచిన కాగితాలు?

ఆర్కైవుల్లో వాటిని 'ఫ్యామిలీ పేపర్స్' అంటారు. కుటుంబ పత్రాలన్నమాట. పేరు వింటే ఇంట్లో ఉన్న అందరి కాగితాలూ అనిపిస్తుంది. కట్ట విప్పితే మాత్రం భూమి దస్తావేజులు, వీలునామాలు, అప్పుపత్రాలు, వ్యాపారపు ఉత్తరాలు, కోర్టు కాగితాలు. కుటుంబం అంటే ఆస్తి, ఆస్తి అంటే మగవాడు. ఆడవాళ్ళు కనిపించేది పెళ్ళయినప్పుడో, భర్త పోయినప్పుడో, తామే పోయినప్పుడో. అమెరికాలో బ్రిటిష్ వలస పాలన చివరి రోజుల నుంచి కొత్త రిపబ్లిక్ తొలి దశాబ్దాల దాకా, అంటే సుమారుగా 1750 నుంచి 1820 వరకూ పోగుపడ్డ ఇలాంటి పత్రాలను కొన్నేళ్ళుగా చదువుతున్నాను. చాలావరకు అచ్చు ప్రతుల్లో, డిజిటల్ ప్రతుల్లో. బోస్టన్ నేను చూడలేదు.

నా పిహెచ్.డి. తెలుగు స్త్రీల ఆత్మకథల మీద. "మన దగ్గర చెయ్యాల్సిన పని బోలెడుండగా ఆ అమెరికా ముసలమ్మల డైరీలు నీకెందుకమ్మా?" అని ఒక సెమినార్లో టీ తాగుతూ ఒక పెద్దాయన అడిగారు. న్యాయమైన ప్రశ్నే. నేను ఆయనకి చెప్పిందిది. ఆత్మకథ రాయాలంటే తన బతుకు రాయదగ్గదని ముందు ఆ మనిషికి నమ్మకం ఉండాలి. అలా నమ్మలేని స్త్రీలు, నమ్మే తీరికే లేని స్త్రీలు రాసిందేమైంది? పాల పద్దు, చాకలి పద్దు, ఎవరికెప్పుడు కాన్పయింది, ఎవరు మనకెంత బాకీ... వీటిని ఏ ప్రక్రియలో చేరుస్తాం? తెలుగులో ఈ ప్రశ్న వేస్తే చేతికి దొరికే కాగితం చాలా తక్కువ. అక్కడ కొంత దొరికింది. ఎందుకు దొరికిందో తెలుసుకుంటే ఇక్కడ ఎందుకు దొరకలేదో కూడా కొంత తెలుస్తుందని నా ఆశ.

ముందు, కాగితాలు బాగా దాచుకున్న ఒక కుటుంబం సంగతి. అమెరికా రెండో అధ్యక్షుడు జాన్ ఆడమ్స్, భార్య అబిగైల్, వాళ్ళ పిల్లలు, మనవలు... ఈ ఇంటి పత్రాలను 1956లో మసాచుసెట్స్ హిస్టారికల్ సొసైటీకి ఇచ్చారు. మైక్రోఫిల్ము తీస్తే 608 రీళ్ళయింది. అందులో భార్యాభర్తలిద్దరూ ఒకరికొకరు రాసుకున్న ఉత్తరాలే 1,100కి పైన ఉన్నాయి. 1776 మార్చి 31న అబిగైల్ రాసిన ఉత్తరం గురించి చాలామంది వినే ఉంటారు. కొత్త చట్టాలు చేసేటప్పుడు ఆడవాళ్ళను మరిచిపోవద్దనీ, మొగుళ్ళ చేతిలో హద్దులేని అధికారం పెట్టొద్దనీ ఫిలడెల్ఫియాలో ఉన్న భర్తకి రాసింది. ఆయన నవ్వేసి జవాబు రాశాడు. స్త్రీవాద చరిత్రల్లో ఆ ఉత్తరానికి దొరకాల్సిన చోటు దొరికింది.

నన్ను పట్టుకున్నది మాత్రం మరో ఉత్తరం. 1777 జూలై 10వ తేదీది. అబిగైల్ నిండు గర్భిణి. నొప్పులు మొదలయ్యాయి. ఆ నొప్పుల మధ్యలోనే ఆమె కాగితం ముందు కూర్చుని, నొప్పి వచ్చినప్పుడు కలం కింద పెట్టి, తగ్గాక మళ్ళీ తీసి రాసింది. బిడ్డ ప్రాణంతో పుట్టలేదు. ఆడపిల్ల. భర్త వందల మైళ్ళ దూరంలో దేశాన్ని నిర్మిస్తున్నాడు! ఆ ఉత్తరం ఇవాళ మన చేతిలో ఉందంటే, దాచింది ఆమె కాదు. తన ఉత్తరాలు తగలబెట్టెయ్యమని ఆమె భర్తను ఒకటికి రెండుసార్లు బతిమాలింది. బడి మొహం చూడనిదాన్ని, నా రాత బాగుండదు అని సిగ్గుపడేది. ఆయన తగలబెట్టలేదు. తాను చరిత్రలో ఉండబోతున్నానని ఆయనకి తెలుసు. తన కాగితాలతోపాటు ఆమెవీ ఉండిపోయాయి. జార్జి వాషింగ్టన్ భార్య మార్తా, భర్త పోయాక తమ ఉత్తరాలను కాల్చేసిందంటారు. మిగిలినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కాల్చడం కూడా ఒక హక్కే కదా అనిపిస్తుంది నాకు. పరిశోధకురాలిగా ఏడుపొస్తుంది గానీ, ఆడదానిగా ఆమెను తప్పుపట్టలేను.

అబిగైల్ విషయంలో ఇంకొక్క కాగితం చెప్పాలి. ఆనాటి చట్టం ప్రకారం పెళ్ళయిన స్త్రీకి విడిగా ఉనికి లేదు, ఆమె సొమ్మంతా భర్తదే. భర్త బతికుండగా వీలునామా రాసే హక్కు లేనే లేదు. అయినా 1816లో ఆమె తన చేత్తో వీలునామా రాసుకుంది. యుద్ధకాలంలో ఐరోపా నుంచి భర్త పంపిన సరుకు అమ్మి, ఆ తర్వాత ప్రభుత్వ బాండ్లు కొని, తనదంటూ కూడబెట్టుకున్న సొమ్ము అది. దాదాపు అంతా మనవరాళ్ళకి, మేనకోడళ్ళకి, పనివాళ్ళయిన ఆడవాళ్ళకి పంచింది. చట్టరీత్యా ఆ కాగితం చెల్లదు. 1818లో ఆమె పోయాక జాన్ దాన్ని అక్షరాలా అమలు చేశాడు. చెల్లని కాగితం చెల్లింది, ఆ ముసలాయన మంచితనం మీద.

అధ్యక్షుల ఇళ్ళలో ఇలా. మరి మామూలు ఇళ్ళలో? బెంజమిన్ ఫ్రాంక్లిన్ పత్రాలు సంపుటాలకి సంపుటాలు అచ్చయ్యాయి. ఆయన చెల్లెలు జేన్ మీకమ్ కాగితాలు కుట్టి ఒక చిన్న పుస్తకం చేసుకుంది. అందులో తన పన్నెండుమంది పిల్లలు ఎప్పుడు పుట్టారో, ఎప్పుడు పోయారో రాసుకుంది. ఆమెకంటే ముందే పదకొండుమంది పోయారు. జిల్ లెపోర్ 2013లో ఆ కాసిని పేజీలు ఆధారంగా ఒక పెద్ద పుస్తకమే రాసింది.

ఇక మార్తా బల్లార్డ్. ఇప్పటి మెయిన్ రాష్ట్రంలో, అప్పటికది మసాచుసెట్స్‌లో భాగం, కెన్నెబెక్ నది ఒడ్డున హాలోవెల్ అనే ఊళ్ళో మంత్రసాని. 1785 జనవరి 1న, యాభై ఏళ్ళకి దగ్గరపడుతుండగా డైరీ మొదలుపెట్టింది. 1812 మే 7 దాకా, చనిపోవడానికి కొద్దిరోజుల ముందు వరకూ, ఇరవై ఏడేళ్ళు రాసింది. వాతావరణం, తోటలో ఏం నాటింది, మగ్గం మీద కూతుళ్ళు ఎంత నేశారు, ఎవరింటికి పురుడు పొయ్యడానికి వెళ్ళింది, ఎంత ముట్టింది. అంతే. మనసులో మాట ఎక్కడోగానీ దొరకదు. మొత్తం 816 కాన్పులు. మామూలు ఫీజు 6 షిల్లింగులు. డబ్బు లేనివాళ్ళు టీ పొడో, కొవ్వొత్తులో, జున్నో ఇచ్చేవాళ్ళు. బాకీ తీరగానే మార్జిన్లో రెండు ఇంటూ గుర్తులు. 1789 ఏప్రిల్లో ఒక కాన్పుకోసం గాలివానలో పడవమీద నది దాటి గుర్రమెక్కితే, కళ్ళ ముందే పెద్ద చెట్టు వేళ్ళతో సహా కూలింది. గుర్రం బెదిరింది. బతికి బయటపడ్డానని ఒక్క ముక్క రాసి, తర్వాత కాన్పు సంగతిలోకి వెళ్ళిపోయింది. అన్ని కాన్పుల్లో, కాన్పు జరుగుతుండగా ఒక్క తల్లీ చనిపోలేదు. అయిదుగురు బాలింతలుగా ఉండగా పోయారు.

ఆ రోజుల్లో పెళ్ళికాని పిల్ల కాన్పు వస్తే, నొప్పుల మీద ఉండగా తండ్రి పేరు అడగడం మంత్రసాని బాధ్యత. ఆ స్థితిలో అబద్ధం చెప్పదని చట్టం నమ్మకం. ఎంత క్రూరమైన నమ్మకమో! 1791 అక్టోబరులో శాలీ పియర్స్ అనే అమ్మాయికి మార్తా పురుడు పోసింది. పేరు అడిగింది. ఆ పిల్ల చెప్పిన పేరు జొనాథన్ బల్లార్డ్. మార్తా సొంత కొడుకు. మార్తా దాన్ని అలాగే రాసుకుంది. చెరపలేదు, వివరించలేదు, బాధపడినట్టు ఒక్క మాట లేదు. నాలుగు నెలల్లో జొనాథన్ శాలీని పెళ్ళి చేసుకున్నాడు.

ఇంకో కేసు. పాస్టరు భార్య రెబెకా ఫాస్టర్ తనమీద అత్యాచారం జరిగిందని, అందులో జోసెఫ్ నార్త్ అనే జడ్జి ఉన్నాడని 1789లో ఆరోపించింది. ఆమె అంతకుముందే మార్తాతో చెప్పుకుంది. మార్తా డైరీలో అది ఉంది. 1790లో విచారణ జరిగింది, మార్తా వెళ్ళి సాక్ష్యం చెప్పింది. జడ్జి నిర్దోషిగా బయటపడ్డాడు. కోర్టు కాగితాల్లో తీర్పు దొరుకుతుంది. రెబెకా ఏ రోజు ఎవరి దగ్గర ఏం చెప్పుకుందో దొరికేది, గుడ్డ నేసిన గజాలూ నాటిన బీన్సూ రాసిన పుస్తకంలోనే. ఇది 18వ శతాబ్దమేనా అనిపించలేదూ మీకు?

ఈ డైరీ ఎలా మిగిలింది? మార్తా నుంచి కూతురు డాలీ దగ్గరికి, డాలీ నుంచి ఆమె కూతుళ్ళకి, వాళ్ళ నుంచి 1884లో అప్పుడే వైద్యం చదివి బయటికొచ్చిన మేరీ హోబార్ట్‌కి. మంత్రసాని డైరీ నాలుగు తరాల తర్వాత డాక్టరు మనవరాలి చేతికొచ్చింది. ఆమె 1930లో మెయిన్ స్టేట్ లైబ్రరీకి ఇచ్చింది. గమనించారా, ఇంటిపేరు మారుతూ పోయిన ఆడపిల్లల చేతుల మీదుగానే వచ్చిందది. ఇంటిపేరుతో పత్రాలు జాబితా చేసే ఆర్కైవు పద్ధతిలో ఈ దారి కనిపించదు.

చదివినవాళ్ళు ఏమన్నారు? ఆ పట్టణ చరిత్ర రాసిన ఒకాయన 1870లో, క్లుప్తంగా ఉంది, కొన్ని చోట్ల తప్ప అందరికీ ఆసక్తికరం కాదు అని తేల్చేశాడు. మగవాడు కాబట్టి అలా అన్నాడనుకుందామా? 1970లలో మంత్రసానుల మీద వచ్చిన ఒక స్త్రీవాద చరిత్ర పుస్తకం కూడా ఇంటిపనుల చిల్లర సంగతులతో నిండి ఉందని పక్కన పెట్టేసింది. మనవాళ్ళే! లారెల్ థాచర్ అల్రిక్ ఆ చిల్లర సంగతులనే ఒక్కొక్కటీ లెక్కపెట్టి, ఊరి పన్ను జాబితాలతో, కోర్టు రికార్డులతో పక్కపక్కన పెట్టి చదివి 1990లో 'ఎ మిడ్‌వైఫ్స్ టేల్' రాసింది. మరుసటి ఏడు పులిట్జర్ వచ్చింది. ఆమె పద్ధతి నాకు చాలా నేర్పింది. ఆ డైరీలో ముఖ్యమైన వాక్యాలు ఏరుకోవడం కాదు చెయ్యాల్సింది. ఏరడం మొదలుపెడితే మిగిలేది గాలివాన, హత్య, కోర్టు. మగవాడి చరిత్రలో ఏముంటుందో అదే. పాత్రలు తోమిన రోజులూ, నేసిన గజాలూ వదలకుండా చదివితేనే, ఆ ఊళ్ళో మగవాళ్ళ ఖాతా పుస్తకాలకు ఎక్కని మరో ఆర్థిక వ్యవస్థ ఉందని తెలుస్తుంది. ఆడవాళ్ళు ఆడవాళ్ళకి ఇచ్చి పుచ్చుకున్న నూలు, దుంపలు, పనిసాయం, పురుడు.

మా అమ్మ కూడా రాసేది. బ్యాంకువాళ్ళు కొత్త సంవత్సరానికి ఊరికే ఇచ్చే డైరీల్లో. గ్యాస్ బండ తెచ్చిన తేదీ, చీటీ పాట, పెళ్ళిళ్ళకి చదివించిన మొత్తం, పనమ్మాయి నాగాలు, పిన్ని దగ్గర తెచ్చిన చేబదులు. అమ్మ పోయాక ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అన్నయ్య పట్టాదారు పాసు పుస్తకాలు, నాన్న సర్వీసు కాగితాలు, మా సర్టిఫికెట్లు జాగ్రత్తగా ఒక సంచీలో పెట్టాడు. మిగతాది తూకానికి వేసేశాడు. నేనప్పుడు హైదరాబాదులో ఉన్నాను. ఫోన్లో అడిగితే, "ఏముందే అందులో, పాల లెక్కలే కదా!" అన్నాడు. 1870 నాటి ఆ చరిత్రకారుడి మాట మా అన్నయ్య నోటివెంట వచ్చింది. వాడు అమ్మని ప్రేమించనివాడు కాదు. కాగితం అంటే ఏది, చెత్త అంటే ఏది అన్నది వాడికి ఎవరూ ప్రత్యేకంగా నేర్పలేదు. ఇంట్లో అందరికీ ముందే తెలుసు, అమ్మతో సహా.

ఒక్కటి మిగిలింది, 1996 డైరీ. ఖాళీ పేజీల్లో నేను లెక్కలు చేసుకున్నాను కాబట్టి నా పుస్తకాల్లో కలిసిపోయింది. అందులో ఒక రోజు ఇలా ఉంది: "పాలు రాలేదు. జ్వరం. సాయంత్రం పిండి రుబ్బాను." జ్వరం ఎవరికి? నాకా, అన్నయ్యకా, తనకేనా? కర్త లేని వాక్యం. మా ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా పిండి రుబ్బేది ఒకరే కాబట్టి కర్త రాయాల్సిన అవసరం ఆమెకి కనపడలేదేమో. అల్రిక్‌కి దొరికినట్టు పదివేల రోజులు నాకూ దొరికుంటే, ముందు రోజూ మర్నాడూ చూసి తేల్చేదాన్ని.

మంత్రసాని అన్న మాట రాసినప్పుడల్లా నాకు ఇబ్బందిగానే ఉంటుంది. మార్తా బల్లార్డ్ తెల్లజాతి గృహిణి. భర్త సర్వేయరు, మిల్లు నడిపేవాడు. ఆయన పన్ను బకాయిలకింద 1804లో జైలుకెళ్ళి, ఆమె ముసలితనంలో కట్టెలకి కూడా కొడుకు ఇంటివాళ్ళ మొహం చూడాల్సి వచ్చిందనేది నిజమే. అయినా ఆమెకి అక్షరం ఉంది, కాగితం ఉంది, సిరా ఉంది. మా అమ్మమ్మకి ఏడు కాన్పులూ ఇంట్లోనే. పురుడు పోసిన మనిషిని ఇంటిల్లిపాదీ కులం పేరుతోనే పిలిచేవాళ్ళు. మాయ ముట్టుకునేది, మైల గుడ్డలుతికేది, వాకిట్లో నిలబడి బియ్యం పోయించుకుని వెళ్ళేది. ఆమె పేరేమిటని అమ్మని ఒకసారి అడిగాను. తెలీదంది. ఊళ్ళో ఎన్ని వందలమందికి ఆమె పురుడు పోసిందో లెక్క ఏ కాగితం మీదా లేదు. స్త్రీశక్తి సంఘటన వాళ్ళు 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు కాగితాల కోసం చూస్తూ కూర్చోలేదు, తెలంగాణ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళి వాళ్ళు మాట్లాడింది విన్నారు. మా ఊరి ఆమె విషయంలో ఆ పని చెయ్యడానికీ సమయం దాటిపోయింది.

ఆడమ్స్ పత్రాలున్న బోస్టన్ సంస్థలోనే మరో పుస్తకముంది. మూడో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ సొంత దస్తూరీతో ఉన్న 'ఫార్మ్ బుక్'. 1774లో మొదలుపెట్టి దశాబ్దాలపాటు రాశాడు. ఆయన జీవితకాలంలో 600 మందికి పైగా మనుషులకి యజమాని. ఎవరికి ఎన్ని గజాల గుడ్డ ఇచ్చాడో, ఎవరికి దుప్పటి ఇచ్చాడో, ఎవరికి ఏ ఏడు ఏ బిడ్డ పుట్టాడో, అంతా చక్కటి అక్షరాలతో వరసలుగా ఉంటుంది. ఆ వరసల్లో శాలీ అనే పేరుంది. శాలీ హెమింగ్స్. ఆమె పిల్లల పేర్లు తల్లి పేరు కింద ఉన్నాయి. తండ్రి పేరు లేదు. ఆ వరస రాస్తున్న చెయ్యే తండ్రిదని 1873లో ఆమె కొడుకు మాడిసన్ హెమింగ్స్ ఒహాయో పత్రిక ఒకదానిలో చెప్పాడు. పారిస్‌లో ఉండగా, పుట్టబోయే పిల్లలకి స్వేచ్ఛ ఇస్తానని మాట తీసుకున్నాకే తన తల్లి తిరిగి రావడానికి ఒప్పుకుందన్నాడు. చరిత్రకారులు ఆయన్ని నూరేళ్ళకి పైగా నమ్మలేదు. జెఫర్సన్ మనవరాలు 1858లో భర్తకి రాసిన ఉత్తరాన్ని నమ్మారు. తాతయ్య అలాంటివాడు కాదని, మేనల్లుడి పనని అందులో ఉంది. అది 'కుటుంబ పత్రం' కదా! మాడిసన్ చెప్పింది వట్టి మాట. ఆ కొలతలోని పక్షపాతాన్ని 1997లో ఆనెట్ గార్డన్-రీడ్ ఒక న్యాయవాదిలా వాక్యం వాక్యం విప్పి చూపించింది. 1998లో డి.ఎన్.ఏ. పరీక్ష వచ్చింది. అప్పుడు గానీ చాలామంది ఒప్పుకోలేదు. శాలీ చేత్తో రాసిన కాగితం ఒక్కటి కూడా లేదు. ఆమె కుటుంబంలో ఎవరు, ఎవరి కుటుంబ పత్రాల్లో ఆమె?

ఆ గుడ్డ గజాల దగ్గర నేను ఆగిపోయాను. 17, 18 శతాబ్దాల్లో మన కోరమాండల్ తీరం నుంచి ఈస్టిండియా కంపెనీలు మోసుకుపోయిన నూలు బట్ట పశ్చిమాఫ్రికా రేవుల్లో మనుషుల్ని కొనడానికి మారకపు సరుకుల్లో ఒకటయింది. ఇంగ్లీషు కంపెనీ 1611లోనే మచిలీపట్నంలో కొట్టు పెట్టింది. మన నేతగాళ్ళకి ఆ బట్ట ఎక్కడికి పోతోందో తెలిసే వీలు లేదు. వాళ్ళూ దాదన్ అప్పుల్లో ఉన్నవాళ్ళే. అయినా "మనకీ ఆ కాగితాలకీ ఏం సంబంధం" అని అడిగినప్పుడు, ఈ గుడ్డ సంగతి నోటిదాకా వస్తుంది.

1761లో ఒక ఓడ పశ్చిమాఫ్రికా నుంచి ఏడెనిమిదేళ్ళ పిల్లని బోస్టన్ రేవులో దించింది. వీట్లీ అనే కుటుంబం కొనుక్కుంది. ఆ ఓడ పేరే పిల్లకి పెట్టారు, ఫిలిస్ అని. ఆ ఇంట్లోనే చదువు నేర్చుకుని, 1773లో లండన్లో కవితల పుస్తకం అచ్చు వేయించుకుంది. ఆ కవితలు ఆమె రాసినవేనని బోస్టన్ పెద్దమనుషులు సంతకాలు పెట్టి ధ్రువీకరించాల్సి వచ్చింది. తర్వాత స్వేచ్ఛ వచ్చింది, పెళ్ళయింది, పేదరికం వచ్చింది. 1779లో రెండో పుస్తకానికి ప్రకటన ఇచ్చింది గానీ చందాదారులు దొరకలేదు. 1784లో ముప్పై ఏళ్ళ వయసులో చనిపోయింది. ఆ రెండో పుస్తకం రాతప్రతి ఏమైపోయిందో ఇప్పటికీ దొరకలేదు. కుటుంబ పత్రాలు ఉండడానికి ఆమెకి కుటుంబమే నిలవలేదు.

అయినా ఫిలిస్ ఉత్తరాలు కొన్ని ఉన్నాయి. రోడ్ ఐలండ్‌లోని న్యూపోర్ట్‌లో ఉండే ఓబర్ టానర్ అనే స్నేహితురాలికి 1772 నుంచి 1779 దాకా రాసినవి. ఓబర్ కూడా బానిసే. తనకంటూ పెట్టె ఉందో లేదో, ఎన్ని ఇళ్ళు మారిందో, ఏ గుడ్డలో చుట్టిందో... ఫిలిస్ పోయాక కూడా దశాబ్దాల పాటు వాటిని దాచింది. బాగా ముసలిదయ్యాక ఒక పాస్టరు భార్య చేతిలో పెట్టింది. అక్కడి నుంచి అవి హిస్టారికల్ సొసైటీకి, ఆడమ్స్ పత్రాలూ జెఫర్సన్ పుస్తకమూ ఉన్న అదే ఇంటికి చేరాయి. ఓబర్ ఉత్తరాలు అందాయని, ఆలస్యంగా జవాబిస్తున్నందుకు క్షమించమని ఫిలిస్ రాస్తుంది. అంటే ఓబర్ కూడా రాసేదన్నమాట. ఆమె రాసిన ఉత్తరం ఒక్కటీ మిగల్లేదు.